టర్బో తగువులు: మీ ప్రశ్నలకి మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గొడవ, తొంభైల నాటి జపాన్ టర్బో కార్లలో (ఎగ్జాస్ట్ పొగతో తిరుగుతూ ఇంజన్‌లోకి అదనపు గాలి నెట్టేదే టర్బో) ఏది ముందు పరిగెడుతుంది అని. మాడిఫై చేసినవి వద్దు, కంపెనీ నుంచి ఎలా వచ్చాయో అలాగే పోల్చి చెప్పండి అని కండిషన్ కూడా పెట్టారు చాలామంది, మంచిదే, మాడిఫై చేసినవి లెక్కలోకి తీసుకుంటే ఇక దానికి అంతుండదు, ఎవడి దగ్గర డబ్బెక్కువుంటే వాడి కారే ఫాస్టు. సరే, మొదలెడదాం.

ప్రశ్న: అన్నా, మా అన్నయ్యకీ నాకూ వారం నుంచి మాటల్లేవు. వాడేమో టొయోటా సుప్రా అంటాడు, నేనేమో నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ ఆర్34 అంటాను. రెండూ జపాన్ మోడల్సే, రెండూ కాగితం మీద 280 పీఎస్సే (పీఎస్ అంటే హార్స్‌పవర్ లాంటి బలం కొలత). స్టాక్‌గా, అంటే కంపెనీ నుంచి వచ్చినట్టే, ఏది ముందు పోతుందో నువ్వే తేల్చు.

జవాబు: ముందు వెళ్లి మీ అన్నయ్యతో మాట్లాడు తమ్ముడూ, ఎందుకంటే ఇద్దరూ కరెక్టే, కాకపోతే ఇద్దరూ వేర్వేరు రేసుల గురించి కొట్టుకుంటున్నారు. నువ్వు ఆగి ఉన్న చోటి నుంచి స్టార్ట్ గురించి మాట్లాడుతున్నావు, ఆయన పరుగులో ఉన్న కారు గురించి మాట్లాడుతున్నాడు, అంతే తేడా.

స్టార్ట్ సంగతి చూద్దాం. అక్కడ ఇంజన్ కంటే టైరుదే పెత్తనం. సుప్రా వెనక చక్రాల బండి కదా, బయల్దేరేటప్పుడు బరువు వెనక్కి వాలుతుంది, వెనక టైర్ల మీద మొత్తం బరువులో ఓ 60 శాతం పడింది అనుకో, టైరుకి తన మీద పడ్డ బరువంత పట్టు దొరికింది అనుకో, అప్పుడు కారుకి వచ్చే త్వరణం మహా అయితే 0.6 జీ, అంటే కిందపడే వస్తువు వేగం పుంజుకునే రేటులో 0.6 వంతు. అదే రేటున ఎక్కడా తగ్గకుండా, గేరు మార్చకుండా లాగినా సున్నా నుంచి 100 కిలోమీటర్లకి 4.7 సెకన్లు పడుతుంది. ఇంజన్‌లో 280 ఉన్నా 480 ఉన్నా ఆ టైర్ల మీద ఇంతకంటే పెద్దగా తగ్గదు, మిగతా బలమంతా పొగై పోతుంది. జీటీ-ఆర్‌లో అలా కాదు. అందులో అటెసా ఈ-టీఎస్ అని ఒక సిస్టం ఉంటుంది, మామూలుగా బలమంతా వెనక చక్రాలకే ఇస్తుంది, వెనకవి జారుతున్నాయని తెలియగానే సగం దాకా ముందు చక్రాలకి తోస్తుంది. నాలుగు టైర్లూ పట్టుకుంటాయి కాబట్టి మొదటి ఇరవై ముప్పై మీటర్లలో సుప్రా దాని వెనక లైట్లు చూడాల్సిందే.

అయితే ఆ నాలుగు టైర్ల పట్టు ఊరికే రాదు. ఆర్34 డ్రైవర్ ఐదు వేల ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు, వాటినే రెవ్స్ అంటాం) దగ్గర ఇంజన్‌ని పట్టి ఉంచి క్లచ్ ఒక్కసారి వదలాలి, నాలుగు టైర్లూ ఒక్క క్షణం కీచుమని కరుచుకుని కారు ముందుకి దూకాలి. భయపడి మూడు వేల దగ్గర వదిలితే టైర్లు జారవు, రెవ్స్ పడిపోతాయి, టర్బోలు నిద్రపోతాయి, అవి మళ్లీ లేచేలోపు సుప్రా పక్కకి వచ్చేస్తుంది. ఇలాంటి స్టార్టులు వరసగా నాలుగైదు చేస్తే కారు లోపల క్లచ్ కాలిన వాసన గుప్పుమంటుంది, అప్పుడు ఓనర్ మొహం చూడాలి.

ఇప్పుడు మీ అన్నయ్య రేసు. ఇద్దరూ 80లో పక్కపక్కన వెళ్తూ ఒకేసారి యాక్సిలరేటర్ తొక్కారు అనుకో. టైర్ల పట్టు గొడవ ఇక లేదు, ఇంజన్ ఏ రెవ్స్‌లో ఎంత లాగుతుంది అన్నదే ప్రశ్న. సుప్రాది 2జేజెడ్-జీటీఈ, 2997 సీసీ, 1997 తర్వాతి వీవీటీ-ఐ ఇంజన్‌లో 3600 ఆర్‌పీఎంకే 451 న్యూటన్ మీటర్ల టార్క్ (మెలితిప్పే బలం) ఇస్తుంది. జీటీ-ఆర్‌ది ఆర్‌బీ26, 2568 సీసీ, దాని 392 న్యూటన్ మీటర్లు 4400కి గాని రావు. పైగా ఆర్34 బరువు 1560 కిలోలు, సుప్రా దానికంటే ఓ 50 కిలోలు తక్కువ, ముందు చక్రాలకి పోయే షాఫ్టులు గేర్లు తిప్పే భారం కూడా సుప్రాకి లేదు. కాబట్టి పరుగులో ఉన్నప్పుడు సుప్రాదే పైచేయి. జపాన్ వాళ్లు జీరో-యోన్ అంటారు చూడు, సున్నా నుంచి 400 మీటర్ల రేసు, అందులో మొదట జీటీ-ఆర్ ముందుంటుంది, సుప్రా మెల్లగా దగ్గరవుతూ వస్తుంది, చివరికి ఎవరిది పైచేయి అన్నది ఆ రోజు ఎవడు స్టార్ట్ బాగా తీశాడో దాని మీదే ఉంటుంది. 400 మీటర్ల చివర్లో కారు 170 కిలోమీటర్ల వేగంలో ఉంటుంది, ఆ వేగంలో సెకనులో పదో వంతు అంటే 4.7 మీటర్లు, అంటే ఒక కారు పొడవు. టైం కాగితం మీద 0.1 తేడా చూసి ఏముందిలే అనుకుంటాం గానీ అక్కడ అది ఒక కారంత గ్యాప్.

ప్రశ్న: సార్, అమెరికా పత్రికలో సుప్రా టర్బో 4.6 సెకన్లు అని చదివాను. వేరే దేశాల టెస్టుల్లో చూస్తే అదే కారు 5 దాటింది. ఎవరు అబద్ధం చెప్తున్నారు?

జవాబు: ఎవరూ చెప్పడం లేదండి, కొలిచే పద్ధతే వేరు. మొదటిది, అమెరికా వాళ్లు 60 మైళ్ల దాకా కొలుస్తారు, అది 96.6 కిలోమీటర్లు. మిగతా వాళ్లు 100 దాకా కొలుస్తారు. ఆ మిగిలిన మూడున్నర కిలోమీటర్లకే ఇలాంటి కారుకి దాదాపు పావు సెకను పడుతుంది. ఖర్మ కాలి ఆ మధ్యలో గేరు మార్చాల్సి వస్తే ఇంకో అరసెకను గోవిందా.

రెండోది చాలామందికి తెలియదు, దాన్ని రోలవుట్ అంటారు. డ్రాగ్ స్ట్రిప్‌లో స్టార్ట్ లైన్ దగ్గర నేలకి కొంచెం పైన అడ్డంగా ఒక సన్నటి లైటు కిరణం ఉంటుంది. కారు ముందు టైరు ఆ కిరణానికి అడ్డుపడేలా నిలబడతారు. కారు కదులుతుంది, కానీ టైరుకి వెడల్పుంది కదా, ఇంకా కిరణానికి అడ్డంగానే ఉంటుంది, టైరు వెనక అంచు దాటి కిరణం అవతలికి తగిలినప్పుడే గడియారం మొదలవుతుంది. ఈ లోపు కారు ఓ అడుగు, అంటే 30 సెంటీమీటర్లు జరిగిపోయి 6 కిలోమీటర్ల వేగం దగ్గర ఉంటుంది. ఆ అడుగుకి పట్టిన 0.3 సెకను ఎవరి ఖాతాలోనూ పడదు, ఫ్రీ. అమెరికా పత్రికలు 0-60 టైంలోంచి కూడా దీన్ని తీసేయడం అలవాటు. ఇప్పుడు కూడండి, 4.6కి 0.3, దానికి ఇంకో పావు, ఎంతైంది? 5.1 దాటింది. అదే కారు, అదే డ్రైవర్, అదే రోడ్డు. అందుకే ఒక పత్రికలోంచి సుప్రా టైం, ఇంకో దేశం పత్రికలోంచి మాజ్డా ఆర్‌ఎక్స్-7 టైం తెచ్చి పక్కపక్కన పెట్టి నాది గెలిచింది అంటే నేను ఒప్పుకోను.

పైగా ఆ 4.6 వచ్చిన సుప్రా అసలు జపాన్ సుప్రా కూడా కాదు, అది ఇంకో కథ, కింద ప్రశ్న చూడండి.

ప్రశ్న: జపాన్ కార్లన్నీ 280 పీఎస్ అని ఎలా ఉంటాయి? అన్ని కంపెనీలకీ సరిగ్గా ఒకే నంబర్ రావడం ఏంటి? కొన్ని చోట్ల 276 అని కూడా ఉంది.

జవాబు: అనుమానం వచ్చిందంటేనే మీరు సగం జవాబు పట్టేశారు. 276 హార్స్‌పవర్, 280 పీఎస్, 206 కిలోవాట్లు మూడూ ఒకటే, కొలమానాలు వేరు. 1989లో నిస్సాన్ ఫెయిర్‌లేడీ జెడ్ 280 పీఎస్‌తో వచ్చింది, ప్రమాదాలు పెరుగుతున్నాయి ఇక చాలు అన్న వాతావరణంలో జపాన్ కంపెనీలన్నీ తమలో తాము ఒక మాట అనుకున్నాయి, ఇంతకు మించి ప్రకటించొద్దు అని. చట్టం కాదు, పెద్దమనుషుల ఒప్పందం. 2004లో దాన్ని ఎత్తేశారు, హోండా లెజెండ్ 300 పీఎస్‌తో వచ్చింది. ఆ పదిహేనేళ్లలో వచ్చిన పెద్ద టర్బోలన్నీ 280 దగ్గరే గీత గీసుకుని కూర్చున్నాయి.

ఒప్పందం అమెరికాలో లేదు కాబట్టి సుప్రా అక్కడ 320 హార్స్‌పవర్ అని అమ్ముడుపోయింది. ఊరికే స్టిక్కర్ మార్చారు అనుకోకండి, వస్తువు కూడా వేరే. జపాన్ కార్లో టర్బో లోపలి చక్రం సిరామిక్‌ది, తేలిక కాబట్టి త్వరగా తిరుగుతుంది కానీ బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) ఎక్కువైతే ముక్కలవుతుంది. అమెరికా కార్లో అదే చక్రం స్టీలుది, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు కూడా 440 బదులు 550 సీసీవి. అందుకని స్టాక్ సుప్రా అనగానే ఏ దేశం సుప్రా అని అడగాలి. మన పై తమ్ముడి అన్నయ్య చెప్పింది అమెరికా సుప్రా గురించే అయితే, స్టార్ట్‌లో తప్ప మిగతా దారంతా నేను అన్నయ్య వైపే.

ఇక ప్రకటించిన నంబరు నిజమా కాదా తేల్చాలంటే ఒక చిట్కా. 400 మీటర్ల టైం కాదు, చివరి గీత దాటేటప్పటి వేగం చూడండి, దాన్ని ట్రాప్ స్పీడ్ అంటారు. స్టార్ట్ ఎంత చెత్తగా తీసినా టైం పాడవుతుంది గానీ ఆ వేగం పెద్దగా మారదు, అది బలానికీ బరువుకీ మధ్య లెక్క. మళ్లీ ఇందులోనూ ఒక తిరకాసు ఉంది, బలం 10 శాతం పెరిగితే ఆ వేగం 3 శాతమే పెరుగుతుంది. అంటే ట్రాప్ స్పీడ్‌లో ఐదు కిలోమీటర్ల తేడా కనిపించిందంటే రెండింటి మధ్య తేడా చాలా పెద్దదని అర్థం. 280 అని రాసుకున్న రెండు కార్ల ట్రాప్ స్పీడ్స్ అంత తేడాగా వచ్చి బరువులు ఒకటే అయితే, ఎవరో ఒకరు కాగితం మీద వినయం చూపించారన్నమాట.

ప్రశ్న: మాజ్డా ఆర్‌ఎక్స్-7 ఎఫ్‌డీ (మూడో తరం మోడల్) ఇంజన్ 1.3 లీటర్లే కదా, అది మూడు లీటర్ల సుప్రాతో ఎలా పోటీ పడుతుంది? మా ఫ్రెండ్స్ నమ్మడం లేదు.

జవాబు: నాకు ఈ కారంటే కొంచెం పక్షపాతం, ముందే చెప్పేస్తున్నా.

1.3 అనేది రోటరీ లెక్క, ఆ ఇంజన్‌లో పిస్టన్ల బదులు మూడు మూలల రోటర్లు తిరుగుతాయి. రెండు రోటర్లు, ఒక్కోటి 654 సీసీ, మొత్తం 1308. మామూలు పిస్టన్ ఇంజన్‌లో షాఫ్టు ఒక చుట్టు తిరిగితే సగం సిలిండర్లే పేలతాయి, రోటరీలో ప్రతి చుట్టుకీ రెండు రోటర్లూ ఒక్కోసారి పేలతాయి. అందుకని పిస్టన్ ఇంజన్‌తో పోల్చేటప్పుడు రెట్టింపు చేసి 2.6 లీటర్లు అనుకోవడం న్యాయం. దానికి రెండు టర్బోలు, ఒకదాని తర్వాత ఒకటి పనిచేసేవి. ఇక బరువు. 1991లో వచ్చిన మొదటి వాటికి 255 పీఎస్సే, కానీ కారు 1260 కిలోల దగ్గర. భాగించి చూడండి, ఒక్కో పీఎస్‌కి 4.9 కిలోలు. 280 ఉన్న జపాన్ సుప్రాకి 5.4 వస్తుంది, ఆర్34కి 5.6. బలం తక్కువైనా మోయాల్సింది అంతకంటే తక్కువ. 1999లో ఎఫ్‌డీ కూడా 280కి వచ్చాక 4.6 అయింది, అప్పుడైతే మరీను.

నడిపేటప్పుడు ఎలా ఉంటుందంటే, రెండో గేర్లో పూర్తిగా తొక్కితే మొదటి టర్బో 10 పీఎస్ఐ బూస్ట్ ఇస్తూ లాగుతుంది, 4500 దగ్గరికి రాగానే రెండోది జతకలిసే క్షణంలో సూది 8కి జారి వెంటనే మళ్లీ 10కి లేస్తుంది. ఆ జారడం రెప్పపాటే, ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకుని వదిలినట్టు ఉంటుంది, ఆ తర్వాత ఇంజన్ గొంతు మారిపోయి సర్రుమని పైకి పోతుంది, రెడ్‌లైన్ దగ్గర బజర్ మోగేదాకా అసలు అక్కడికొచ్చామనే తెలియదు, అంత నున్నగా తిరుగుతుంది. ఈ మార్పిడి అంతా ఇంజన్ మీద సేమ్యాలా అల్లుకున్న సన్నటి వాక్యూమ్ గొట్టాల పని. వేడికి అవి గట్టిపడి ఎక్కడో ఒకటి చిట్లితే రెండో టర్బో రానే రాదు, 4500 తర్వాత కారు చప్పబడిపోతుంది. ఈ రోజుల్లో ఎవరైనా ఎఫ్‌డీ నడిపి ఇదేనా మీరు పొగిడింది అంటే నేను ముందు ఆ గొట్టాలనే అనుమానిస్తా.

స్టాక్ కార్లలో అమెరికా సుప్రా ముందు మాత్రం ఇది ఓడిపోతుంది, ఒప్పుకోవాలి. అక్కడి పత్రికల్లో దీనికి 0-60 ఐదు సెకన్ల చుట్టూ వచ్చింది, సుప్రాకి 4.6. మలుపుల రోడ్డు మీద అయితే అని మొదలుపెట్టాలని ఉంది గానీ మీరు అడిగింది అది కాదు.

ప్రశ్న: మిత్సుబిషి 3000జీటీ వీఆర్-4లో అన్నీ ఉన్నాయి కదా, ట్విన్ టర్బో, నాలుగు చక్రాల డ్రైవ్, 320 హార్స్‌పవర్. మరి దాని పేరు ఎవరూ ఎత్తరేం?

జవాబు: అన్నీ ఉన్నాయి, బరువుతో సహా. వెనక చక్రాలు కూడా తిరిగే స్టీరింగ్, నాలుగు చక్రాల డ్రైవ్, ఇంకా బోలెడు మోటార్లు కలిసి 1700 కిలోలు దాటించాయి. మొదట్లో అమెరికాలో 300, 1994 నుంచి 320. స్టార్ట్‌లో దీన్ని తక్కువ అంచనా వేయొద్దు, మొదటి గేర్లో చాలామందికి షాక్ ఇస్తుంది, తర్వాత తర్వాత ఆ బరువు కాళ్లకి అడ్డం పడుతుంది. నిస్సాన్ 300జెడ్ఎక్స్ ట్విన్ టర్బో సంగతీ దాదాపు అంతే, అది వెనక చక్రాల బండి, అక్కడ 300 హార్స్‌పవర్, 1590 కిలోల దగ్గర, రెండూ మంచి కార్లే, స్టాప్‌వాచ్ పట్టుకుంటే మాత్రం సుప్రా వెనకే.

ప్రశ్న: మిత్సుబిషి లాన్సర్ ఎవో 8, సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ ఎస్‌టీఐ, రెండూ 5 సెకన్ల దగ్గర అంటారు. కానీ మా బంధువు ఎస్‌టీఐలో కూర్చుంటే నాకు అంత ఫాస్ట్ అనిపించలేదండి, నేనే తప్పా?

జవాబు: మీరు తప్పు కాదు మేడం, మీ బంధువు క్లచ్ మీద జాలి చూపించాడు అంతే. ఆ 5 సెకన్లు రావాలంటే ఆగి ఉండి రెవ్స్ బాగా పెంచి క్లచ్‌ని వదిలేయాలి, నేను పైన జీటీ-ఆర్‌కి చెప్పిందే. అమెరికా పత్రికల్లో 5 నుంచి 60 మైళ్ల టెస్ట్ అని ఇంకోటి ఉంటుంది, కారు నెమ్మదిగా పాకుతూ ఉండగా ఒక్కసారి తొక్కడం. అక్కడ చిన్న ఇంజన్, పెద్ద టర్బో ఉన్న కార్ల రంగు బయటపడుతుంది, టర్బో లేచేదాకా ఇంజన్ బిక్కమొహం వేసుకుని ఉంటుంది, 0-60 కంటే ఒక సెకను పైనే ఎక్కువ పట్టిన సందర్భాలున్నాయి. మామూలుగా సిగ్నల్ దగ్గర మనం నడిపే తీరు రెండో టెస్టుకే దగ్గర.

రెండింట్లో ఏది అంటే, 2003లో అమెరికాకి వచ్చిన ఎవో 8ది రెండు లీటర్ల ఇంజన్, 271 హార్స్‌పవర్, ఐదు గేర్లు. 2004 ఎస్‌టీఐది రెండున్నర లీటర్లు, 300, ఆరు గేర్లు. కింద రెవ్స్‌లో ఎస్‌టీఐకి ఆ అర లీటరు పనికొస్తుంది. జపాన్‌లో రెండూ రెండు లీటర్లే, రెండూ 280 పీఎస్సే, అక్కడ తేడా అంటే చేతి తేడానే.

ప్రశ్న: ఆటోమేటిక్ సుప్రా టర్బో మాన్యువల్ కంటే బాగా స్లోనా?

జవాబు: బాగా అని కాదు. నాలుగు గేర్లే, గేర్ల మధ్య ఎడమెక్కువ, కాబట్టి నిపుణుడి చేతిలో ఆరు గేర్ల మాన్యువల్ గెలుస్తుంది. కానీ ఆటోమేటిక్‌లో బ్రేక్ తొక్కి పట్టి కొంచెం బూస్ట్ తెచ్చుకుని వదలొచ్చు, గేరు మారేటప్పుడు యాక్సిలరేటర్ ఎత్తక్కర్లేదు కాబట్టి బూస్ట్ పడదు. మామూలు మనిషి మాన్యువల్‌తో మూడు సార్లు ప్రయత్నిస్తే మూడు రకాల టైం వస్తుంది, ఆటోమేటిక్‌లో మూడూ ఒకేలా వస్తాయి.

ప్రశ్న: నా ఫ్రెండ్ సుప్రా పూర్తిగా స్టాక్ అంటాడు, ఎగ్జాస్ట్ ఒక్కటే మార్చాడట. దాన్ని స్టాక్ కింద లెక్కెయ్యొచ్చా?

జవాబు: ఒక్కటే అన్నాడా? టర్బో కార్లో ఎగ్జాస్ట్ అనేది అన్నిటికంటే పెద్ద తాళంచెవి బాబూ. సుప్రాలో కాటలిటిక్ కన్వర్టర్ తీసేసి వెడల్పు పైపు వేస్తే, ఇంకేమీ ముట్టుకోకుండానే బూస్ట్ తనంతట తానే పెరుగుతుంది, ఎందుకంటే వెనక అడ్డు తగ్గి టర్బో స్వేచ్ఛగా తిరుగుతుంది, అదనపు గాలిని పక్కకి వదిలే వాల్వు దాన్ని ఆపలేకపోతుంది. ఆర్‌ఎక్స్-7లో ఇదే పని చేసి ఊరుకుంటే ఇంజన్ సీల్సే పోతాయి. కాబట్టి లెక్కెయ్యొద్దు. ఇంకోటి, ముప్పై ఏళ్ల కారు ఎంతమంది చేతులు మారిందో, ఆ చేతుల్లో ఏమేం మారిందో వాడికే తెలిసి ఉండదు.

టైం కొలవాలంటే మూసేసిన ట్రాక్ మీద జీపీఎస్ పరికరంతో కొలవండి, రెండు వైపులా నడిపి సగటు తీయండి, కంటికి ఆనని వాలు కూడా టైం మార్చేస్తుంది. ఒక రన్ అయ్యాక ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) చల్లారనివ్వండి, వేడి గాలి పలచన కాబట్టి రెండో రన్ ఎప్పుడూ మొదటిదాని కంటే నీరసంగా ఉంటుంది. రోలవుట్ ఆన్ చేశారా ఆఫ్ చేశారా అన్నది కూడా రాసి పెట్టుకోండి, లేకపోతే మళ్లీ నాకే ఉత్తరం రాయాల్సొస్తుంది.

ప్రశ్న: పాతవి సరే, కొత్త వాటిలో ఆ రోజుల స్టాక్ కారుకి సమఉజ్జీ ఏదైనా ఉందా?

జవాబు: జీటీ-ఆర్ ఆర్35 అని చెప్పేవాణ్ణి గానీ అది సమఉజ్జీ కాదు, 2007లో వచ్చినప్పుడే 480 పీఎస్, రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్, లాంచ్ కంట్రోల్, పైన నేను చెప్పిన ఐదు వేల రెవ్స్ సర్కస్ అంతా కంప్యూటరే చేసేస్తుంది. సరిగ్గా తూకం వేస్తే నాకు టొయోటా జీఆర్ యారిస్ కనిపిస్తుంది. 2020లో జపాన్‌లో వచ్చినప్పుడు 1.6 లీటర్లు, మూడే సిలిండర్లు, ఒక్క టర్బో, 272 పీఎస్, 1280 కిలోలు. చివరి ఎఫ్‌డీ 280 పీఎస్, ఇంచుమించు అంతే బరువు. ఒకదానికి నాలుగు చక్రాల పట్టు, ఇంకోదానికి రెండు రోటర్లు. లైన్ దగ్గర యారిస్ ముందు, నాకు అనుమానం లేదు. మూడో గేరు పడ్డాక మాత్రం నా డబ్బు ఎఫ్‌డీ మీదే, గొట్టాలు చిట్లకుండా ఉంటే.